ఎదుటి మనిషి మాట

మధ్యవర్తి వచ్చే రోజని తులసీరాం ఖాతా పుస్తకానికి కొత్త అట్ట వేశాడు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు దాని అంచులు తుడిచి, కావలసిన పేజీలో ఎర్రదారం పెట్టి, గల్లాపెట్టె పక్కన పడుకోబెట్టాడు. ప్రేమానందం శెట్టి నూలు డిపోలో పదిహేడేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నాడు. ఈ పదిహేడేళ్లలో రాసిన పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. నగరిలో వేరే దుకాణాల శెట్లు తమ గుమాస్తాలను తిట్టాల్సి వచ్చినప్పుడు "పోయి తులసీరాం కాళ్లు కడిగి నీళ్లు నెత్తిన చల్లుకోపో" అనేవాళ్లు. ఆ మాట తన చెవిన పడ్డప్పుడల్లా తులసీరాం విననట్టే ఉండి, ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

తగాదా చిన్నదే. డిపోలో నూలు అరువు తీసుకునే నేతగాళ్లకు పసుపుపచ్చ కార్డు ఒకటి ఇస్తారు. సరుకు పట్టుకుపోయినప్పుడల్లా చీటీ రాసి, దాన్ని చూసి దుకాణం పుస్తకంలోనూ, వాళ్ల కార్డులోనూ ఎక్కించాలి. కార్డు ఇంట్లో మరిచి వస్తే పుస్తకంలో మాత్రం రాసుకుని, కార్డులో తర్వాత ఎక్కిస్తారు. తగాదాలన్నీ పుట్టేది ఆ 'తర్వాత'లోనే. పడమటి వీధిలో మగ్గం నేసుకునే చౌడేశ్వరి ఖాతాలో జూలై నెలలో రెండు కట్టల అరవై నంబరు నూలు రెండుసార్లు ఉంది. ఇరవై ఒకటో తేదీన ఒకసారి, ఇరవై ఎనిమిదో తేదీన ఇంకోసారి. ఆమె కార్డులో మొదటిది మాత్రమే ఉంది. రెండోసారి తాను తీసుకోనే లేదంటుంది. మూడువందల ఎనభై రూపాయల మాట.

కార్డు వెనుక చీమల బారులాంటి అక్షరాలతో ఒక షరతు అచ్చువేసి ఉంటుంది. తగాదా వస్తే నూలు వర్తకుల సంఘం పంపిన మధ్యవర్తి చెప్పిందే తీర్పు. దాన్ని ఎవరూ చదవరు. చదివినా చేసేదేమీ లేదు. మధ్యవర్తిని పంపేది సంఘం, సంఘంలో ఉండేది శెట్లు. అంతకు ముందు మూడు తగాదాలు వచ్చాయి, మూడూ దుకాణాలకే అనుకూలంగా తీరాయి. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి? ఇప్పుడు నాలుగోదీ అట్లాగే తీరితే చౌడేశ్వరి కార్డు రద్దవుతుంది. కార్డు రద్దయిన మనిషికి నగరిలో ఇంకే దుకాణమూ పోగు నూలు అరువివ్వదు. పైగా కార్డు ఇచ్చినప్పుడు పూచీగా రాయించుకున్న మగ్గం శెట్టి గోడౌనుకు వస్తుంది. మొగుడు పోయిన మనిషికి ఆ మగ్గమే మొగుడూ, కొడుకూనూ.

తులసీరాంకు ఆమె మీద కోపమేమీ లేదు. కానీ ఆమె కార్డు నిజమైతే తన పుస్తకం అబద్ధం. అది అతనికి మింగుడుపడని సంగతి.

మధ్యవర్తి పదిన్నర బస్సుకు దిగాడు. ప్రతిసారీ వచ్చే పెద్దమనిషికి ఒంట్లో బాగుండక సంఘం వాళ్లు సత్యవేడు నుంచి కుప్పయ్య అనే ఆయన్ను పంపారు. కోర్టులో అమీనాగా పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు దాటని పంచె, భుజాన గుడ్డసంచి, చేతిలో నీళ్లసీసా. శెట్టి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు. కుప్పయ్య కాఫీ వైపు ఆశగానే చూసి, లోటా పక్కకు జరిపాడు.

"తీర్పు అయినాక తాగుతాలే సెట్టీ. ముందు తాగితే నాలిక నీ పక్కకు మల్లుతాది."

శెట్టి నవ్వలేక నవ్వాడు. కుప్పయ్య పుస్తకం తెరిచాడు. చూపుడువేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. జూలై ఇరవై ఎనిమిది, శనివారం అన్న చోట వేలు కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి నాలుగు పేజీలు, ముందుకు నాలుగు పేజీలు తిప్పాడు.

"కొట్టివేత ఒక్కటీ లేదే!"

"పదిహేడేండ్ల నుంచీ లేదు సామీ," అన్నాడు తులసీరాం.

"మనిసివేనా అప్పా నువ్వు?" అని కుప్పయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

తులసీరాం దాన్ని మెప్పుగానే జమకట్టుకున్నాడు.

తర్వాత అందరూ చౌడేశ్వరి ఇంటికి నడిచారు. మధ్యవర్తి మగ్గం దగ్గరకు పోవడం అంతకు ముందు నగరిలో ఎవరూ చూడలేదు. నేతగాళ్లనే దుకాణానికి పిలిపించి నిలబెట్టి అడగడం అలవాటు. చౌడేశ్వరి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తోంది. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా చిన్న చిన్న పత్తి నూగు అంటుకుని ఉంది. లేవబోతే కుప్పయ్య వద్దని చేయి ఊపి, గుంట పక్కన నేలమీదే చతికిలబడ్డాడు. శెట్టి కూర్చోడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, నిలబడే ఉండిపోయాడు.

"నీ పని నువ్వు కానీమ్మా. సూస్తాను."

ఆమె నేసింది. నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి వచ్చింది. అడ్డంగా పరుచుకుంటున్నది మిరపపండు రంగు పేక. పది నిమిషాల పాటు ఆయన ఏమీ అడగలేదు. నేలమీద పడిన తెగిన పోగు ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"మగ్గం ఎన్నాల్లకొకసారి నిలుపుతావు?"

"ఒల్లు బాగలేకపోతే నిలుపుతా సామీ. లేదంటే అమాసకు."

"కార్డు సూపించు."

ఆమె గోడకున్న దేవుడి పటం వెనుక నుంచి కార్డు తీసింది. పసుపు, కుంకుమ మరకలతో అది కార్డులా కాక పూజ సామానులా ఉంది. కుప్పయ్య చదివి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. అంతే. వేలికున్న పోగు విప్పకుండానే లేచి, రేపు సంఘం గదిలో కూర్చుందామని చెప్పి, సంచి భుజాన వేసుకుని బస్సుకు పోయాడు.

"వీడేం మధ్యవర్తిరా! మగ్గం సూడ్డానికి వచ్చినాడా, తగాదా తీర్చడానికి వచ్చినాడా?" అని దారి పొడుగునా శెట్టి గొణిగాడు. తులసీరాం కూడా "ఔనయ్యా" అన్నాడు గానీ, ఆ మనిషి నేలమీద కూర్చున్న తీరు మాత్రం అతని కళ్లలో ఉండిపోయింది.

సంఘం గది నూనె అంగడి మిద్దెమీద ఉంది. మరునాడు అక్కడ బల్లకు ఒక పక్క శెట్టి, తులసీరాం. ఇంకో పక్క చౌడేశ్వరి. కుర్చీలో కూర్చోమంటే ఆమె అంచున కూర్చుంది, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి వీలుగా. కుప్పయ్య నీళ్లసీసా బల్లమీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"మీ మాట మీరు చెప్పుకుంటే నేను వినను. మీ మాట మీకు తెలిసిందే. ఎదుటి మనిసి మాట మీ నోటితో చెప్పండి. ఆ మనిసి 'ఔను, నా మాట ఇదే' అనాల. అనేదాకా చెప్పాల. ఇద్దరిదీ అయినాక తీర్పు."

శెట్టి నోరు తెరిచాడు. "ఇదెక్కడి వింత సామీ! నా మాట నేను చెప్పుకోకుండా..."

"ముప్పై ఏండ్లు జప్తులు చేసినా సెట్టీ. ఇండ్లలోంచి బిందెలు మోయించినా, బండ్లు మోయించినా, మగ్గాలు ఊడపీకించినా. ఒక్క ఇంట్లో కూడా వాళ్ల మాట అడగలేదు. అడిగే పని నాది కాదు గదా అప్పుడు. ఇప్పుడు నాదే." కుప్పయ్య చౌడేశ్వరి వైపు తిరిగాడు. "నువ్వు మొదలుపెట్టమ్మా. సెట్టి మాట చెప్పు."

ఆమె కొంగు సరిచేసుకుంది. మెల్లగా మొదలుపెట్టింది.

"నేను ప్రేమానందం సెట్టిని. ఈయమ్మ మొగుడు పోయినప్పుడు మూడు నెలలు బాకీ అడగలేదు నేను. కార్డు మరిచిపోయి వచ్చినా నమ్మి నూలు ఇచ్చినాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నా గుమాస్తా తులసీరాము ఒక్క పైసా తప్పు రాయడని ఊరంతా చెప్తాది. అట్లాంటి పుస్తకంలో ఉండే పద్దును లేదంటే నేనెట్ల నమ్మాల? ఈమెకు వదిలేస్తే రేపు వీధంతా వచ్చి లేదంటాది. నేను దుకానం మూసుకోవాల."

ఆమె ఒక్క మాటనూ వెటకారంగా పలకలేదు.

"నీ మాట ఇదేనా సెట్టీ?"

"ఔ... ఔను సామీ." తాను చెప్పగలిగినదానికన్నా బాగా చెప్పిందని శెట్టి ముఖమే చెబుతోంది.

"ఇప్పుడు నువ్వు."

"నా తరఫున గుమాస్తా చెప్తాడు సామీ. రాసింది వాడే," అని శెట్టి పక్కకు తప్పుకున్నాడు.

తులసీరాం లేచి నిలబడ్డాడు. ఇందులో ఏముంది అనుకున్నాడు. "చౌడేశ్వరి చెప్పేదేమంటే, ఇరవై ఎనిమిదిన నూలు తీసుకోలేదని. కార్డులో లేదు కాబట్టి బాకీ లేదని."

"ఇదేనా అమ్మా నీ మాట?"

"కాదు సామీ," అంది ఆమె.

మళ్లీ చెప్పాడు. "నేను చౌడేశ్వరిని. నేను తీసుకోలేదు. దుకాణంలో తప్పు రాసినారు."

"కాదు. తప్పు రాసినారని నేను అనలేదన్నా."

మూడోసారి మొదలుపెట్టి మధ్యలోనే తడబడి ఆగిపోయాడు. పదిహేడేళ్లుగా వారం వారం ఆ మనిషికి నూలు తూచి ఇచ్చాడు, ఆమె మాట ఏమిటో మాత్రం తెలియదు. ఆమె పేరు ఎదురుగా అంకెలు తెలుసు, అంతే.

"అడుగు పోయి. రేపు పొద్దున చెబుదువు గానీ," అని కుప్పయ్య లేచాడు.

ఆ మధ్యాహ్నం తులసీరాం పడమటి వీధికి పోయాడు. శెట్టి వద్దన్నాడు, "వాడేదో పిచ్చోడు, రేపు ఏదో ఒకటి చెప్పెయ్" అన్నాడు. కానీ నలుగురిలో మూడుసార్లు తప్పడం తులసీరాంకు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. పుస్తకం మీద పౌరుషంతోనే పోయాడు, ఆమె మీద జాలితో కాదు.

చౌడేశ్వరి కండెలు చుడుతోంది. చాప వేసి మజ్జిగ ఇచ్చింది. వద్దంటే, కుప్పయ్య కాఫీ సంగతి వీధిలో విని ఉందేమో, "తీర్పు చెప్పేది నువ్వు కాదు గదన్నా, తాగు," అంది నవ్వి. తాగాడు.

"జూలై ఇరవై ఎనిమిదిన నువ్వేం చేసినావో చెప్పు."

"నాకు ఇంగ్లీషు తారీకులు తెలీవన్నా. నువ్వు తిరుత్తణికి కావడి మోసినావే, ఆ కిత్తిక పండగ అయినాక ఎన్నో దినం?"

"అయిదో దినం."

ఆమె వేళ్లు మడిచింది. "అట్లయితే ఆడి అమాస, పోయినోళ్లకు పెట్టుకునే దినం. ఆ పొద్దు మగ్గం ముట్టుకోలేదు. తెల్లగుడ్డ కప్పి పసుపు పెట్టినా. తలకు పోసుకోని, మీ బావకు అరిటికాయ కూర చేసి, కాకికి ముద్ద పెట్టినా. ఎంతకీ రాలేదన్నా కాకి. ఆయనకు ఏం కోపమో అని ఏడిసినా. పన్నెండు దాటినాక వచ్చింది. అప్పుడు గుడికి పోయినా. వస్తా వస్తా మీ దుకానం ముందర పోతే నువ్వు ఒక్కడివే ఉండావు. తల దించుకోని రాసుకుంటాండావు. పిలుద్దామనుకున్నా. రాసేటప్పుడు పిలిస్తే నీకు కోపం గదా, పిలవలేదు."

"ఇంకా?"

"ఇంకేముండాది? ఇంటికొచ్చి పండుకున్నా. నువ్వు తప్పు రాసినావని నేను యాడా అనలేదన్నా. అనను. నువ్వు రాస్తే తప్పుండదని నేనూ అనుకుంటాను. నేను తీసుకోలేదనేది కూడా నిజమే. రెండూ నిజమెట్లైతాయో నాకు తెలీకనే గదా మధ్యవర్తి కావాలన్నా."

తులసీరాం మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. అమావాస్యయితే ఏమి, ఎవరో ఒకరు తీసుకోకుండా ఉంటారా, మర్చిపోయి ఉంటుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ ఇంటికి వచ్చాడు.

మూడోరోజు సంఘం గదిలో అతను లేచి నిలబడినప్పుడు ఈసారి చేతులు కట్టుకోలేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

"నేను చౌడేశ్వరిని. నాకు ఇంగ్లీషు తారీకులు తెలీవు. ఆ పొద్దు ఆడి అమాస. అమాసకు నేను మగ్గం ముట్టను. నేనే కాదు, మా వీధిలో ఎవురూ ముట్టరు, నూలు గడప దాటించరు." ఆ చివరి మాట ఆమె చెప్పలేదు. నోరు తెరిచిన ఊపులో తనకు తెలిసిందే వచ్చేసింది. "నా మొగునికి ముద్ద పెట్టినా. కాకి ఎంతకీ రాలేదు. ఏడిసినా. గుడికి పోయి వస్తా ఉంటే, దుకానంలో తులసీరామన్న ఒక్కడే కూచోని ఉన్నాడు. తల దించుకోని రాసుకుంటా..."

ఆగిపోయాడు.

కళ్లు మూసుకుంటే ఆ వీధిలో నిలబడి, ఆమె కళ్లతో దుకాణంలోకి చూస్తున్నట్టుంది. బేరాల్లేని దుకాణం. తల వంచుకుని రాసుకుంటున్న ఒక బట్టతల మనిషి. వీధిలో ఎవరూ నూలు కొనని రోజున వాడు ఏం రాస్తున్నాడు?

చీటీలు రాస్తున్నాడు. తాను కావడి మోయను పోయిన మూడు రోజులూ శెట్టే దుకాణంలో కూర్చుని, అరువు సరుకు చీటీల మీద గీకి కమ్మీకి గుచ్చాడు. తిరిగి వచ్చాక ఖాళీ దొరికింది అమావాస్య నాడే. ఆ రోజు తేదీ వేసి అయిదు చీటీలు పుస్తకంలోకి ఎక్కించాడు. నాలుగు శెట్టి కోడిగీతలు. అయిదోది గుండ్రంగా, ముచ్చటగా ఉంది. రాయడానికి సులువుగా ఉందని ఆ రోజు సంతోషపడ్డం కూడా గుర్తుకొచ్చింది. సులువుగా ఎందుకుండదు, అది తన రాతే! తాను ఊళ్లో లేని రోజుల చీటీల్లో తన రాత ఎట్లా వస్తుంది?

ప్రయాణానికి ముందు రోజు, ఇరవై ఒకటిన, చౌడేశ్వరికి రెండు కట్టలు ఇచ్చి చీటీ రాశాడు. ఆ సాయంత్రమే పుస్తకంలోనూ, కార్డులోనూ ఎక్కించాడు. ఎక్కించిన చీటీకి గుర్తుగా మూల చింపడం అలవాటు. కావడి హడావుడిలో చింపడం మరిచాడు. అమావాస్య నాడు కమ్మీ మీద ఉన్నవి ఉన్నట్టే చూసి ఎక్కించడంతో అప్పుడూ చింపలేదు.

తులసీరాం కళ్లు తెరిచాడు. శెట్టి అతన్నే చూస్తున్నాడు. శెట్టి చూపు బాగా తెలుసు అతనికి. ఇక చాలు, కూచో అంటోంది. కూర్చోవచ్చు. ఆ అయిదో చీటీ సంగతి తనకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. కూర్చుంటే పుస్తకం పుస్తకంలాగే ఉంటుంది, ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంటుంది. మగ్గం ఒక్కటే గోడౌనుకు వస్తుంది.

ఎదురుగా చౌడేశ్వరి కొంగు అంచు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కాకి సంగతి అతని నోట విన్నందుకు.

"సామీ," అన్నాడు తులసీరాం. "ఒక్క నిమిషం. దుకానానికి పోయి వస్తాను."

శెట్టి "యాడికిరా?" అంటున్నా వినకుండా మెట్లు దిగాడు. దీపావళి దాకా చీటీలు పారేయరు. కమ్మీ దించి, పైవన్నీ ఊడదీసి, అడుగు నుంచి ఆ చీటీ తీశాడు. నాలుగు మూలలూ భద్రంగా ఉన్నాయి. అంత భద్రంగా ఉన్న కాగితాన్ని చూసి జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాడు.

పైకి వచ్చి బల్లమీద పెట్టాడు. ఏం జరిగిందో చెప్పాడు. తన రాత, తన మరపు, అమావాస్య, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ శెట్టి ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. కుప్పయ్య చీటీని వెలుతురుకు పట్టి చూసి, చౌడేశ్వరిని అడిగాడు.

"ఇదేనా అమ్మా నీ మాట?"

"ఇదే సామీ," అంది ఆమె. "నాకు తెలీనిది కూడా కలిపి చెప్పినాడు."

తీర్పు రాయడానికి అరగంట పట్టింది. కుప్పయ్య రాసి, పైకి చదివాడు. ఇరవై ఎనిమిదో తేదీ పద్దు చెల్లదు. చౌడేశ్వరి కార్డు కొనసాగాలి. ఆఖరున ఇంకో వాక్యం ఉంది. "ఈ పొరపాటును ఎవరూ అడగకముందే గుమాస్తా తులసీరాం తనంతట తానే పట్టి, రుజువుతో సహా తెచ్చి పెట్టినందున, ఆ దుకాణం ఖాతాలు నమ్మదగినవని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ తీర్పు నకలు సంఘంలోని దుకాణాలన్నిటికీ పంపవలెను."

శెట్టి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆయన. తన దుకాణానికి సంఘమే నమ్మకపు పత్రం ఇచ్చింది, అదీ ఈ గుమాస్తా పేరు మీద. ఇక వాణ్ణి తీసేస్తే ఆ పత్రాన్ని తన చేత్తో తానే చింపుకున్నట్టు. మింగలేక కక్కలేక, సంతకం పెట్టాడు. "ఇంటికి పోయే ముందు ఆ పద్దు కొట్టెయ్ రా," అన్నాడు తులసీరాంతో. తిట్టలేదు.

తులసీరాం బల్లమీదున్న ఖాతా పుస్తకం తెరిచి, అక్కడే, అందరి ముందరే కొట్టేశాడు. ఎర్రసిరాతో ఒక్క గీత, పక్కన సంతకం. పదిహేడేళ్ల పుస్తకంలో మొదటి గీత. చౌడేశ్వరి వంగి ఆ గీతను చూసింది. "గీత కూడా తిన్నగానే గీసినావన్నా," అంది కళ్లు తుడుచుకుంటూ.

కుప్పయ్యను బస్సెక్కించడానికి తులసీరామే పోయాడు. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ ఇప్పించాడు. మూడురోజుల నుంచి వాయిదా పడిన కాఫీ. ఆ ముసలాయన ఊదుకుంటూ, కళ్లు మూసుకుంటూ, చివరి చుక్క దాకా తాగాడు. ఒక మనిషి కాఫీ తాగుతుంటే చూసి ఇంత సంతోషం కలుగుతుందని తులసీరాంకు తెలియదు.

"పుత్తూరులో మారే బస్సు ఎన్నింటికో, కాగితంమీద రాసి పెట్టుకున్నా. కండ్లద్దాలు సంచి అడుక్కు పోయినాయి, నువ్వు సూడప్పా," అని కుప్పయ్య సంచిలోంచి పంచాంగం తీసి చేతికిచ్చాడు. "దాంట్లోనే యాడో పెట్టినా."

పంచాంగం దానంతట అదే ఒకచోట తెరుచుకుంది. బస్సు కాగితం అక్కడ లేదు. ఆషాఢ మాసం పేజీ. బహుళ అమావాస్య, శనివారం. పక్కనే ఇంగ్లీషు తేదీ, ఇరవై ఎనిమిది. ఆ వరుస మీద గుర్తుగా మిరపపండు రంగు నూలు పోగు ఒకటి పెట్టి ఉంది.

మొదటిరోజు మగ్గం పక్కన వేలికి చుట్టుకున్న పోగు.

అంటే మొదటిరోజే తెలుసు ఈయనకు. కావాలంటే ఆ పూటే పుస్తకం మీద వేలు పెట్టి "ఇది తప్పు" అని తేల్చి కాఫీ తాగి పోయి ఉండొచ్చు. అప్పుడు తాను ఏం చేసేవాడో తులసీరాంకు బాగా తెలుసు. పుస్తకాన్ని గుండెకు హత్తుకుని, అమావాస్య నాడు కూడా నూలు కొన్నవాళ్లను ఊరంతా గాలించి పట్టుకొచ్చేవాడు. దానికి బదులు ఈ ముసలాయన రెండు బస్సులు మారి మూడురోజులు తిరిగాడు, తన నోటితో తానే చెప్పుకునే దాకా. ఆ పైన, చెప్పింది నువ్వేనని రాసి సంతకం పెట్టి పోతున్నాడు.

ఏదో అడగాలనిపించింది తులసీరాంకు. మొక్కాలనిపించింది.

"దొరికిందా అప్పా కాగితం?"

తర్వాతి పేజీలో ఉంది. "నాలుగుంబావుకు సామీ," అన్నాడు.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. కుప్పయ్య మెట్టెక్కి, చేయి చాచాడు. తులసీరాం పోగు జారిపోకుండా పంచాంగం మూసి, రెండు చేతులతో అందించాడు.